భారతం రికార్డింగుల ల్యాప్‌టాప్‌ను ఊరూరా తిప్పడం: హార్డ్‌డిస్కు రక్షణ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి: పని స్వరూపం

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎండాకాలంలో జరిగే మహాభారత ఉత్సవాలను మా చిన్న బృందం కొన్నేళ్లుగా రికార్డు చేస్తున్నది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం, నడుమ ఒకనాడు అర్జునుడు తపస్సుమాను ఎక్కే ఘట్టం, ఆఖరున దుర్యోధన వధ, నిప్పుల గుండం. వరుస చాలా ఊళ్లలో ఇదే అయినా పద్యం ఎత్తుకునే తీరు, రాగం, నడుమ వచ్చే వచనం ఊరికొక రకంగా ఉంటాయి. పాత బాణీలో పాడగలిగిన పెద్దలు తగ్గిపోతున్నారు కాబట్టి ఒక రాత్రి రికార్డింగు పోతే మళ్లీ ఏడాదికి అదే గొంతు దొరుకుతుందన్న నమ్మకం ఉండదు.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియోలో గంట ధ్వనికి సుమారు 1 గిగాబైటు పడుతుంది; తెల్లవార్లూ సాగే నాటకానికి ఎనిమిది గిగాబైట్లు ఎంచుకోవచ్చు. ఇవన్నీ చేరేది పాత థింక్‌ప్యాడ్ ఒకదానిలో ఉన్న 1 టెరాబైటు హార్డ్‌డిస్కు మీదికి. ఎస్‌ఎస్‌డీ (చిప్పుల్లోనే డేటా దాచే డ్రైవు) వేసుకుంటే ప్రయాణాల్లో కుదుపుల బాధ ఉండదు కదా అని అడిగేవారు ఉన్నారు. అందులో కదిలే భాగాలు లేవు కాబట్టి ఆ మాట నిజమే. కానీ అంత పెద్ద ఎస్‌ఎస్‌డీకి ప్రస్తుతం మా దగ్గర డబ్బు లేదు, డిస్కు ఇంకా ఆరోగ్యంగా ఉన్నది. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్‌ను లోపలి ఎంసాటా స్లాటులో పెట్టిన చిన్న ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చి, హార్డ్‌డిస్కును రికార్డింగులకే కేటాయించాలని నిర్ణయించాము. తర్వాతి పనులన్నిటినీ సులభం చేసింది ఈ విభజనే, ఎందుకో ముందు వస్తుంది.

ఇటువంటి 2.5 అంగుళాల డ్రైవులో (హార్డ్‌డిస్కులో) ప్లాటర్లు, అంటే డేటా నిలిచే గుండ్రని పళ్లేలు, సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు, అంటే సెకనుకు 90 చుట్లు తిరుగుతాయి. సుమారు 65 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ప్లాటరు బయటి అంచు ఆ లెక్కన సెకనుకు 18 మీటర్ల వేగంతో, అంటే గంటకు 66 కిలోమీటర్ల వేగంతో కదులుతూ ఉంటుంది. చదివి రాసే హెడ్డు ఆ ఉపరితలానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో, ప్లాటరుతో పాటు తిరిగే గాలిపొర మీద తేలుతూ పని చేస్తుంది. ఆ స్థితిలో గట్టి కుదుపు తగిలితే హెడ్డు ప్లాటరును తాకుతుంది, తాకిన చోట అయస్కాంత పూత గీసుకుపోతుంది, రాలిన రేణువులు లోపలే తిరుగుతూ మరిన్ని చోట్ల దెబ్బ తీస్తాయి. డ్రైవు ఆగేటప్పుడు మాత్రం హెడ్లు ప్లాటరు అంచు దాటి పక్కనున్న ప్లాస్టిక్ ర్యాంపు మీదికి ఎక్కి కూర్చుంటాయి, ఇక కింద గీసుకునే ఉపరితలమే ఉండదు. ల్యాప్‌టాప్ డ్రైవుల పత్రాలు చూస్తే నడుస్తున్నప్పుడు తట్టుకోగల కుదుపు 400 జీ (1 జీ అంటే భూమి గురుత్వ త్వరణం) దరిదాపుల్లో, ఆగి ఉన్నప్పుడు 1,000 జీ దరిదాపుల్లో ఇస్తారు.

ఈ ప్రాజెక్టుకు నియమం అక్కడి నుంచే వచ్చింది: హెడ్లు ర్యాంపు ఎక్కాయని రుజువు దొరికే దాకా యంత్రాన్ని ఉన్న చోటి నుంచి లేపకూడదు. సంచి, మెత్తలు, సెన్సారు అన్నీ దీని తర్వాతివే.

ఫిబ్రవరి చివర: డిస్కు పరీక్ష

మార్పులు మొదలుపెట్టే ముందు డిస్కు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నదో రాసి పెట్టుకోవడం అవసరం. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలను చూపే స్మార్ట్‌సీటీఎల్ ఆదేశంతో వచ్చే పట్టికలో నేను చూసినవి కొన్నే. 5వ అంశం పాడై పక్కన పెట్టిన సెక్టార్లను, 197వ అంశం చదవడానికి ఇబ్బంది పెడుతూ తీర్పు కోసం ఆగి ఉన్న సెక్టార్లను చెబుతాయి. రెండూ సున్నాగా ఉన్నాయి. 191వ అంశం డ్రైవు తానే గుర్తించిన కుదుపుల లెక్క. 192వ అంశం కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు హెడ్లు వెనక్కి వచ్చిన లెక్క, 193వ అంశం హెడ్లు ర్యాంపు ఎక్కి దిగిన మొత్తం లెక్క. 192వ అంశాన్ని చాలామంది పట్టించుకోరు. కరెంటు తెగినప్పుడు తిరుగుతున్న ప్లాటర్ల జడత్వంతో మోటారే జనరేటరుగా మారి హెడ్లను లాగుతుంది; హెడ్లు క్షేమమే, కానీ మామూలుగా ఎక్కే దానికంటే ఆ దెబ్బ మోటుగా పడుతుంది. పవర్ బటన్‌ను నొక్కిపట్టి ఆపే అలవాటు ఉన్నవారి యంత్రాల్లో ఈ అంకె పెరుగుతూ పోతుంది. 194వ అంశంలో ఉష్ణోగ్రత ఉంటుంది. అన్నీ నోటుపుస్తకంలో రాసి, రాత్రంతా సుదీర్ఘ స్వీయపరీక్ష నడిపించాను. లోపం ఏదీ బయటపడలేదు.

తర్వాత డ్రైవు అరను విప్పి చూశాను. ఈ రకం యంత్రాల్లో డ్రైవుకు ఇరువైపులా సన్నని రబ్బరు పట్టాలు ఉంటాయి; అవి డ్రైవును అరలో బిగువుగా నిలపడంతో పాటు చిన్న కంపనాలను తమలోకి తీసుకుంటాయి. లోగడ ఒక దుకాణంలో డిస్కు మార్పించినప్పుడు వాటిని తిరిగి తొడగకుండానే మూత బిగించారు. డ్రైవు కనెక్టరు ఆధారంగా మాత్రమే నిలబడి, యంత్రాన్ని పక్కకు వంచితే వెంట్రుకవాసి కదులుతున్నది. బయట ఎంత ఖరీదైన సంచి కొన్నా లోపల డ్రైవు అరగోడకు కొట్టుకుంటుంటే ఫలితం ఉండదు. పాత విడిభాగాలు అమ్మే చోట పట్టాల జత తెప్పించి తొడిగాను. పాత ల్యాప్‌టాప్ కొన్నవారు ముందుగా చూడవలసినది ఇదేనని నా అభిప్రాయం. స్క్రూడ్రైవరు ఒకటి ఉంటే చాలు.

మార్చి: మెత్తల లెక్క, సంచి కుట్టించడం

పడిన వస్తువు మీద పనిచేసే సగటు జీ విలువకు సులభమైన లెక్క ఉన్నది: పడిన ఎత్తును ఆగడానికి పట్టిన దూరంతో భాగిస్తే చాలు. 75 సెంటీమీటర్ల బల్ల మీద నుంచి పడిన యంత్రం గచ్చు మీద అర మిల్లీమీటరు దూరంలో ఆగిందనుకుంటే 1,500 జీ. అదే యంత్రం 1 సెంటీమీటరు అణిగే మెత్త మీద పడితే 75 జీ. శిఖర విలువ సగటుకు రెట్టింపు దాకా వెళ్లవచ్చు, అయినా రెండింటి మధ్య తేడా చిన్నది కాదు.

ఈ లెక్కలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పెద్ద ఎత్తు కాదు, చిన్న ఎత్తు. ల్యాప్‌టాప్‌ను గుడి రాతి అరుగు మీద పెడుతూ ఆఖరి 5 సెంటీమీటర్లలో చెయ్యి జారి వదిలేస్తే, అది 0.2 మిల్లీమీటర్లలో ఆగితే, సగటున 250 జీ, శిఖరాన 500 జీ. ఆ దెబ్బ మిల్లీసెకనులో సగం కూడా ఉండదు కాబట్టి పత్రంలోని అంకెతో సూటిగా పోల్చడానికి వీలులేదు. కానీ నడుస్తున్న డ్రైవుకు హద్దు దాటగల దెబ్బ, ఆగి ఉన్న డ్రైవుకు హద్దులో సగమే అవుతుందన్నది స్పష్టం. రోజూ ఎవరూ లెక్కచేయకుండా చేసే పనిలో ఇంత ఉన్నదన్న సంగతి బృందంలో అందరికీ కాగితం మీద వేసి చూపించాను.

మెత్తలో గుణం కూడా చూడాలి. సోఫాల్లో వాడే మెత్తని ఫోము రెండు కిలోల పైచిలుకు యంత్రం పడగానే పూర్తిగా అణిగిపోయి అడుగు తగులుతుంది. అడుగు తగిలిన క్షణంలో దెబ్బ మళ్లీ గచ్చు దెబ్బే. మరీ గట్టిదైతే అణగదు. దామలచెరువు మండీకి వచ్చే మామిడికాయలను గడ్డిలో పేర్చినప్పుడు గడ్డి కొంత అణిగి, ఇంకా అణగడానికి చోటు మిగిలి ఉంటుంది; మెత్త ఎంపికలో కావలసినది ఆ మిగులే. చెప్పుల అడుగులకు వాడే రకాల్లో మెత్తనిది, బొటనవేలితో నొక్కితే సగం దాకా దిగి వెంటనే లేచే ఈవీఏ షీటు తీసుకున్నాను.

తిరుపతిలో సంచులు కుట్టే పెద్దాయన దగ్గరికి మామూలు భుజాల సంచి ఒకటి తీసుకెళ్లి, ల్యాప్‌టాప్ అర సంచి అడుగును తాకకుండా పైనుంచి వేలాడేలా మార్చాలని అడిగాను. చాలా సంచుల్లో ఆ అర తిన్నగా అడుగు దాకా ఉంటుంది, సంచిని కింద పెట్టిన ప్రతిసారీ యంత్రం అంచు నేలను కొడుతుంది. ఆయన సంచిని తిరగేసి చూసి, “అడుగు తగలకుండా వేలాడాల, అంతే గదా సామీ” అన్నారు. నాలుగు వేళ్ల ఎత్తున అరను ఆపి, కింద ఈవీఏ షీటును రెండు మడతలుగా కుట్టి, నాలుగు మూలల్లో విడిగా మరో పొర వేశారు. మూలల మీద పొర ఆయన సొంత ఆలోచన. సంచి వాలి పడేటప్పుడు మొదట నేలకు తగిలేది మూలే కాబట్టి అది ఎంతో విలువైన చేర్పు. ఛార్జరు ఇటుకను ల్యాప్‌టాప్ పక్కన కాకుండా బయటి అరలో పెట్టే ఏర్పాటు కూడా చేయించాను, లేకపోతే కుదుపులో అదే సుత్తి అవుతుంది.

మార్చి చివర: దారి కొలత

ల్యాప్‌టాప్ స్థానంలో అంతే బరువున్న పుస్తకాల కట్ట, దానికి కట్టిన ఫోను పెట్టి, ఫైఫాక్స్ అనే యాప్‌తో త్వరణాన్ని నమోదు చేస్తూ చంద్రగిరి మీదుగా పూతలపట్టు వైపు మోటారుసైకిలు మీద వెళ్లాను. ఫోను సెన్సారు కొన్ని జీల దాకే కొలుస్తుంది, సెకనుకు కొన్ని వందల సార్లే చదువుతుంది; మిల్లీసెకను దెబ్బల అసలు ఎత్తు దీనితో తెలియదు. ఏ ఘట్టంలో దెబ్బ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్న పోలికకు మాత్రం ఇది సరిపోతుంది.

పెద్ద రోడ్డు మీద గీత దాదాపు నిలకడగా ఉన్నది. పల్లె రోడ్డులోకి మళ్లాక, స్పీడు బ్రేకర్ల దగ్గర లేచింది, కానీ వీపు మీద ఉన్న సంచికి మనిషి నడుమే స్ప్రింగు కావడంతో ఆ లేపులు గుండ్రంగా, మెల్లగా ఉన్నాయి. సెన్సారు హద్దును తాకిన నిటారు గీతలు సంచిని దించి అరుగు మీద పెట్టినప్పుడు, బండి స్టాండు వేస్తూ సంచి హ్యాండిలుకు తగిలినప్పుడు వచ్చాయి. అదే సంచిని వెనక క్యారియరుకు తాళ్లతో కట్టి చూస్తే దారి పొడవునా నిటారు గీతలే. క్యారియరు మీద కట్టడం ఆ రోజుతో మా బృందంలో నిషేధమైంది.

ఏప్రిల్: సెన్సారు ఎంతవరకు పనికొస్తుంది

2003లో ఐబీఎం తన థింక్‌ప్యాడ్‌లలో త్వరణ సెన్సారు పెట్టి, కుదుపు మొదలవగానే హెడ్లను తప్పించే ఏర్పాటు తెచ్చింది. 2005లో ఆపిల్ కూడా అటువంటిదే తన ల్యాప్‌టాప్‌లలో ప్రవేశపెట్టింది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 2008 నాటి 2.6.28 కెర్నెల్ (దాని కేంద్ర భాగం) నుంచి డిస్కు హెడ్లను కొంతసేపు ర్యాంపు మీద ఉంచమని చెప్పే సదుపాయం ఉన్నది. హెచ్‌డాప్స్‌డీ అనే సేవ సెన్సారును చదువుతూ ఆ సదుపాయాన్ని వాడుకుంటుంది. మా యంత్రంలో దాన్ని స్థాపించి, సున్నితత్వానికి సూచించిన 15 విలువతో మొదలుపెట్టాను. ఈ అంకె పెరిగితే సున్నితత్వం తగ్గుతుంది. టైపు చేస్తున్నప్పుడు హెడ్లు ఊరికే ర్యాంపు ఎక్కకుండా, కీబోర్డు వాడకాన్ని బట్టి హద్దును తానే సవరించుకునే ఐచ్ఛికాన్ని కూడా కలిపాను.

ఇది మంచి తోడు, కానీ దీన్నే నమ్ముకోవడం తగదు. 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడడానికి 0.39 సెకను పడుతుంది. ఆ వ్యవధిలో సెన్సారు గుర్తించడం, సేవ నిర్ణయించడం, డ్రైవు చేతిలో ఉన్న పని ముగించి హెడ్లను ఎక్కించడం జరగాలి. అది సాధ్యమే. 5 సెంటీమీటర్ల ఎత్తుకు మాత్రం 0.1 సెకనే ఉంటుంది. మా అనుభవంలో ఎక్కువగా జరిగేది, పైన లెక్కవేసిన రాతి అరుగు దెబ్బ, సరిగ్గా ఈ పరిధిలోనిది. పైగా బస్సులో ఒళ్లో పెట్టుకుని పనిచేస్తే ప్రతి గుంటకూ హెడ్లు ర్యాంపు ఎక్కి దిగుతూ 193వ అంశం లెక్క పెరుగుతుంది. చాలా ల్యాప్‌టాప్ డ్రైవులకు ఆ లెక్క హద్దు 6,00,000 కాబట్టి వెంటనే భయపడనక్కరలేదు, అయినా కదిలే బస్సులో హార్డ్‌డిస్కు నడవడమే అనవసరం. బస్సులో కత్తిరింపు పని ఉంటే కావలసిన ఫైళ్లను ముందుగా ఎస్‌ఎస్‌డీ మీదికి తీసుకుంటున్నాము.

ఏప్రిల్ చివర: ‘ప్రయాణం’ ఆదేశం

నియమానికి ప్రాణం ఈ చిన్న స్క్రిప్టు. దానికి ‘ప్రయాణం’ అని పేరు పెట్టి డెస్కుటాపు మీద బొమ్మగా ఉంచాను. నొక్కగానే అది రికార్డింగు ప్రోగ్రాము ఆగిందో లేదో చూస్తుంది, ఆగకపోతే హెచ్చరించి అక్కడే నిలిచిపోతుంది. తర్వాత మెమరీలో మిగిలిన రాతలన్నీ డిస్కు మీదికి చేరేలా సింక్ చేస్తుంది, రికార్డింగుల విభాగాన్ని అన్‌మౌంట్ చేస్తుంది (సిస్టమ్ నుంచి విడదీస్తుంది), హెచ్‌డీపార్మ్ అనే ఆదేశానికి చిన్న వై (-y) ఐచ్ఛికం ఇచ్చి డ్రైవును స్టాండ్‌బైలోకి, అంటే హెడ్లు ర్యాంపు ఎక్కి ప్లాటర్లు ఆగే స్థితిలోకి, పంపుతుంది. అక్కడితో ఆగదు. పెద్ద సీ (-C) ఐచ్ఛికంతో డ్రైవును స్థితి అడిగి, స్టాండ్‌బై అన్న జవాబు వచ్చాకనే, ప్లాటర్లు నిలవడానికి మరికొన్ని సెకన్లు ఆగి, గంట శబ్దం చేసి తెర మీద ఆకుపచ్చ పట్టీ చూపుతుంది. అన్‌మౌంట్ కుదరకపోతే ఏ ప్రోగ్రాము డిస్కును పట్టుకుని ఉన్నదో దాని పేరు ఎర్రగా చూపుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ ఎస్‌ఎస్‌డీ మీద ఉండడం ఇక్కడ అక్కరకు వచ్చింది. అది హార్డ్‌డిస్కు మీదనే ఉంటే ఏదో ఒక లాగ్ ఫైలు రాయడానికి డ్రైవు క్షణాల్లో మళ్లీ లేస్తుంది, స్టాండ్‌బై నిలవదు. ఇప్పుడు దాన్ని లేపగలిగినది ఆరోగ్యం చూసే స్మార్ట్‌డీ సేవ ఒక్కటే. స్టాండ్‌బైలో ఉంటే పలకరించవద్దని దాని అమరికలో రాశాను. డ్రైవును లైనక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లతో కాకుండా దాని క్రమసంఖ్యతో గుర్తించేలా స్క్రిప్టు రాయడం ముఖ్యం, ఎందుకంటే పెన్‌డ్రైవు పెట్టి యంత్రం తెరిచినప్పుడు ఆ పేర్లు తారుమారు కావచ్చు.

బృందంలో ఇద్దరి దగ్గర విండోస్ ల్యాప్‌టాప్‌లు, అందులోనూ హార్డ్‌డిస్కులు ఉన్నాయి. వాటికి మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా (మెమరీని డిస్కు మీద రాసి పూర్తిగా ఆగిపోయేలా) పవర్ ఆప్షన్లలో మార్చాము. కొన్ని కొత్త యంత్రాల్లో మామూలు స్లీప్‌కు బదులు మోడర్న్ స్టాండ్‌బై ఉంటుంది, అది సంచిలో ఉండగానే అప్‌డేట్ల కోసం లేవవచ్చు. పవర్‌సీఎఫ్‌జీ ఆదేశానికి స్లాష్ ఏ కలిపితే ఏ రకమో తెలుస్తుంది. మూత వేసిన మరుక్షణమే యంత్రాన్ని ఎత్తడం మానాలి, మెమరీ అంతా డిస్కు మీదికి రాసే ఆ సమయంలోనే డ్రైవు అన్నిటికంటే ఎక్కువ శ్రమలో ఉంటుంది. లైట్లన్నీ ఆరిన తర్వాతే చెయ్యి వేయాలి.

మే: ఉత్సవాల మధ్య

ఏర్పాటుకు అసలు పరీక్ష ఇప్పుడు. నాటకం వేదిక పక్కన లౌడ్‌స్పీకర్ల వరుస ఉంటుంది. మద్దెల, హార్మోనియం హోరుకు చెక్క వేదిక అదిరితే ఆ కంపనం డ్రైవుకు చేరి హెడ్డు దారి తప్పుతుంది, రాత మళ్లీ మళ్లీ ప్రయత్నించవలసి వస్తుంది, రికార్డింగులో ఖాళీలు పడే అవకాశం ఉన్నది. కాబట్టి ధ్వనిని నేరుగా చేతి రికార్డరులోని ఎస్‌డీ కార్డు మీదికి తీసుకుని, తెల్లవారాక నాటకం ముగిసి స్పీకర్లు ఆగిన తర్వాతే ల్యాప్‌టాప్ తెరిచి కాపీ చేస్తున్నాము. ల్యాప్‌టాప్ ఎప్పుడూ మడిచిన దుప్పటి మీదనే, గాలి రంధ్రాలు మూసుకోకుండా కింద ఒక అట్ట పెట్టి ఉంచుతున్నాము.

ఎండ సంగతి వేరుగా చెప్పాలి. ఈ నెలలో ఇక్కడ నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది, డ్రైవులకు సాధారణంగా 60 డిగ్రీలు హద్దు. మూసిన కారులో సంచి వదిలితే యంత్రం తెరిచే ముందే సగం హద్దు తినేస్తుంది. అందుకే సంచి మనతోనే దిగుతుంది, కాపీ మొదలుపెట్టే ముందు ఉష్ణోగ్రత చూస్తున్నాము. ఏసీ గది నుంచి ఉక్కపోతలోకి వచ్చినప్పుడు సంచిని కాసేపు మూసి ఉంచడం కూడా అలవాటు చేసుకున్నాము, లోపల చెమ్మ చేరకుండా.

నాతో వస్తున్న మా మేనల్లుడికి ‘ప్రయాణం’ బాధ్యత అప్పగించాను. కాపీ పూర్తయి, రెండు వైపులా ఫైళ్ల చెక్‌సమ్‌లు (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే సరిచూపు అంకెలు) కలిశాయని చూసుకుని, బొమ్మ నొక్కి, పట్టీ వచ్చే దాకా ఆగి, “మామా, పచ్చగా వచ్చేసింది, ఎత్తుకోవచ్చా?” అని అడుగుతాడు. ఆర్టీసీ బస్సులో వెనక చక్రాల మీది సీట్లు వదిలి మధ్యలో కూర్చుని, సంచిని పైన సామాన్ల కడ్డీల మీద కాకుండా ఒళ్లో పెట్టుకుంటాడు.

ఒకరోజు అదే సంచితో తిరుమల కొండకు వెళ్లవలసి వచ్చింది. అలిపిరి దగ్గర తనిఖీలో ఎక్స్‌రే వల్ల డిస్కుకు ఏమవుతుందోనని కొందరు భయపడతారు, దాని వల్ల హాని లేదు. చూడవలసినది రోలర్ల చివర: వెనక వచ్చే బరువైన సంచి మనదాన్ని గుద్దకముందే అందుకోవాలి. కొండ ఎత్తు కూడా చింత కాదు. డ్రైవులు సుమారు 3,000 మీటర్ల దాకా పనిచేస్తాయి, తిరుమల అందులో మూడో వంతు కంటే తక్కువ ఎత్తులోనే ఉన్నది.

జూన్: పట్టిక మళ్లీ చూడడం

ఉత్సవాల కాలం దాదాపు ముగిసింది. డిస్కును మళ్లీ పరీక్షించి ఫిబ్రవరి పట్టిక పక్కన పెట్టి చూశాను. 5, 197 అంశాలు సున్నాలోనే ఉన్నాయి. 191వ అంశం కదలలేదు. 192వ అంశం మారలేదు, అంటే ఒక్కసారి కూడా డ్రైవు కరెంటు హఠాత్తుగా తెగలేదు. 193వ అంశం సహజంగానే పెరిగింది, హద్దుకు చాలా దూరంలో ఉన్నది. సుదీర్ఘ స్వీయపరీక్ష మళ్లీ శుభ్రంగా ముగిసింది.

రికార్డింగులన్నిటికీ తిరుపతిలో ఒక ప్రతి, చిత్తూరులోని మిత్రుడి ఇంట్లో మరో ప్రతి ఉన్నాయి. చిత్తూరు ప్రతి ఉన్న బయటి హార్డ్‌డిస్కుకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది, సురక్షితంగా తొలగించమని చెప్పి, తిరగడం ఆగిన చప్పుడు విన్నాకనే కేబుల్ తీయాలి. మిగిలిన పనులు రెండు. సంచి అడుగు ఈవీఏ పొర ఎంత అణిగిపోయిందో కొలిచి, అవసరమైతే వర్షాకాలం లోపల మార్పించాలి. విండోస్ యంత్రాలకు కూడా స్థితి అడిగి చెప్పే పట్టీ ఒకటి రాయాలి, ఆ పని మేనల్లుడు మొదలుపెట్టాడు.